మడిలో గాజు

ఆ ఎండాకాలం బాన్సువాడ చుట్టుపక్కల కలర్ టీవీ కొనని ఇల్లు లేదనిపించింది. రెండు వేల ఆరో సంవత్సరం. పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ ఏ స్థితిలో ఉన్నా సరే, తెచ్చిచ్చి కొత్తది తీసుకుపొమ్మని బస్టాండు దగ్గరి షోరూం వాళ్లు పెద్ద గుడ్డ బ్యానరు కట్టారు. చెరకు డబ్బులు చేతికొచ్చిన రోజులవి. ఊళ్లలోంచి జనం ఆటోల్లోనూ, బండ్ల మీదా, కొందరైతే బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ పాత టీవీలు తెచ్చి షోరూం ముందు దించి పోయారు.

మా ఆయన దేవిదాస్ టీవీ మెకానిక్కు. పదహారేళ్లుగా అదే పని. ఆ దిగిన టీవీల్లో సగం ఆయన చేతిలో ఎప్పుడో ఒకసారి బతికినవే. ఏ సెట్టు బాగుచేసినా వెనక మూత లోపలివైపు పెన్సిలుతో తారీఖు రాసి, ఏది మార్చాడో రాసిపెట్టే అలవాటుండేది ఆయనకు. మళ్లీ చెడిపోయి వచ్చినప్పుడు తనకే పనికొస్తుందని. అలాంటివి కొన్నింటి మీద ఏడెనిమిది తారీఖులు వరసగా ఉండేవి.

ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి వచ్చి చెప్పాడు.

"షోరూం సేటు పిలిచిండు. పాతవన్నీ నన్నే తీస్కపొమ్మంటుండు. ఆయనకు జాగ సరిపోతలేదంట."

"మంచిదే గదా. బాగుచేసి అమ్ముకోవచ్చు" అన్నాను.

"ఎవడు కొంటడు ప్రేమలా? నడుస్తున్నయే తెచ్చి పడేస్తుండ్రు."

కంచంలో కలిపిన అన్నం సగం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. నెల రోజులుగా దుకాణానికి రిపేరుకు ఒక్క టీవీ రాలేదని నాకు తెలుసు. కొత్త టీవీలకు కంపెనీ వాళ్లే మనిషిని పంపుతున్నారు. చెడిపోయిన వాటిని బాగుచేసే మనిషికి ఇక మిగిలిన పని వాటిని పగలగొట్టడమే అని ఆయన అనలేదు. కానీ మర్నాడు పాతసామాను వ్యాపారి ఇర్షాద్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఇర్షాద్ మా పెరడంతా ఒకసారి తిరిగి చూశాడు. "రాగి తీస్త, అల్మినం తీస్త, లోపలి సర్క్యూట్ పలకలు గూడ తీస్త. హైదరాబాద్‌ల అడుగుతుండ్రు. పై కట్టె డబ్బాలకు కట్టెలోళ్లు వస్తరు. మిగిలింది మీ ఇష్టం" అన్నాడు.

మిగిలింది గాజు. పిక్చర్ ట్యూబు గాజు.

షోరూం టీవీలు మా పెరట్లోకి చేరాయి. పిల్లలిద్దరినీ సెలవులకని జుక్కల్‌లో మా అమ్మ దగ్గరికి పంపాను. ఊరి అవతలి తండా నుంచి జమ్లి పనికొచ్చింది. పాతికేళ్లుంటాయేమో. పొలం పనులు లేని రోజుల్లో మా వీధిలో ఏ పని దొరికితే అది చేసేది. మొదటి రోజు మా ఆయన ఆమెకు దగ్గరుండి నేర్పాడు.

"గిది ఉత్తగ పగలగొడితే బాంబు లెక్క పేలుతది. లోపల గాలి ఉండదు. ముందుగాల గీ మెడ దగ్గర, గీ సన్నటి కొసను, కటింగ్ ప్లేయర్‌తోని నొక్కాలె. గాలి లోపలికి పోనియ్యాలె. ఆ తర్వాతనే సుత్తె."

కొస విరగ్గానే ట్యూబు లోపలికి గాలి సుయ్‌మని పోయింది. జమ్లి వెనక్కి జరిగి, మళ్లీ దగ్గరికొచ్చి చూసింది.

"లోపల తెల్లటి పొడి ఉంటది. అది మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకో. చేతులు కడగకుండ తినొద్దు" అన్నాడు.

"గాజు గూడ మంచిది కాదా అన్నా?"

"గాజుల సీసం కలిపి ఉంటది. మేం నేర్చుకునేటప్పుడు చెప్పిండ్రు."

ఆ మాట నేనూ విన్నాను. గుమ్మంలో నిలబడి పప్పు చెరుగుతున్నాను. విన్నాను కాబట్టే రాస్తున్నాను.

వైశాఖమంతా, జ్యేష్ఠం మొదటి రోజుల దాకా అదే పని. పొద్దున ఆరింటికి జమ్లి వచ్చేది. మా ఆయన మూతలు విప్పేవాడు, నేను తీగలు వేరుచేసేదాన్ని, జమ్లి ట్యూబులు పగలగొట్టేది. ముగ్గురం ముఖాలకు గుడ్డలు కట్టుకుని, ఎండలో. మూత విప్పి తన పెన్సిలు రాత కనబడినప్పుడు మా ఆయన ఒక్కక్షణం ఆగేవాడు. మొదట్లో ఎవరి సెట్టో, ఏ సంవత్సరమో పైకి చెప్పేవాడు. పది రోజుల తర్వాత చెప్పడం మానేశాడు.

పెరట్లో గాజు నడుం ఎత్తు పేరుకుంది. బట్టలారేసుకోవడానికి చోటు లేదు. కోళ్లు గాజు మీదికి పోతే తరిమి తరిమి నా కాళ్లు పడిపోయేవి. పిల్లలు తిరిగొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఒకనాడు నేనే అన్నాను.

"కాలువ దిక్కు ఇటుకబట్టీలోళ్లు మట్టి తవ్విన గుంత ఉంది చూడు. అండ్ల పోసొద్దాం."

"అది పిల్లకాలువ పక్కన్నే ఉంటది" అన్నాడాయన.

"ఎండి ఎన్నేండ్లాయె. అండ్ల నీళ్లు నేనైతే ఎన్నడూ చూడలే. పైన మట్టి కప్పుదాం."

ఆయన ఏదో అనబోయి, అలసిపోయి ఊరుకున్నాడు. ఆయన వద్దని ఉంటే నేను గట్టిగా పట్టుబట్టేదాన్నో లేదో ఇప్పుడు చెప్పలేను. ఆటో ట్రాలీ కిరాయికి తీసుకుని మూడు రోజులు పొద్దున్నే గాజంతా తీసుకుపోయి గుంతలో పోశాం. జమ్లీ నేనూ తట్టలతో మట్టి మోసి పైన కప్పాం. ఇంటికొచ్చి పెరడు ఊడ్చి, కడిగి, పేడనీళ్లు చల్లాను. ఆ రోజు ఎంత హాయిగా అనిపించిందంటే, సాయంత్రం పెరట్లోనే మంచం వేసుకుని కూర్చుని టీ తాగాను.

మృగశిరలో వానలు మొదలయ్యాయి. ఆషాఢంలో రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. ఆ వెంటనే నిజాంసాగర్ నీళ్లు వదిలారని పొలాల వాళ్లంతా పారలు భుజాన వేసుకుని కాలువల వెంట తిరిగారు. నాట్లు మొదలయ్యాయి. జమ్లి మా దగ్గర పని మానేసి తండా ఆడవాళ్లతో కలిసి నాట్లకు పోయింది. షోరూంలో ఇంకో అరవై టీవీలు చేరాయని కబురొచ్చింది. రెండు రోజుల్లో తెస్తానన్నాడు మా ఆయన.

ఆ మర్నాడు పన్నెండు దాటాక జమ్లి వచ్చింది. మోకాళ్ల దాకా బురద ఎండిపోయి తెల్లగా ఉంది. లోపలికి రాలేదు. కొంగు ముడి విప్పి గడప మీద ఒక గాజుముక్క పెట్టింది. అరచేయంత ఉంది. కొంచెం వంపు తిరిగి, ఒకవైపు నల్లటి పూత.

"మా అత్త కాల్ల గుచ్చుకుంది అక్కా. నాటేస్తుంటె. ఇంత లోపలికి పోయింది" అని వేలి కణుపు చూపించింది.

"ఎవరి మడిల?"

"కృష్ణ పటేలుది. గుంతకు కింది మడి. పిల్లకాలువ కట్ట తెగి గుంతలనుంచే నీళ్లు దిగినట్టున్నయి. ఎవడో తాగి సీసా పలగ్గొట్టిండని పటేలు తిడుతుండు." ముక్కను నా వైపు జరిపింది. "నేనేం అనలే."

నేను ముక్కను చేతిలోకి తీసుకున్నాను. ఒళ్లంతా నీరసం కమ్మింది. భయం కన్నా అదే ఎక్కువగా గుర్తుంది.

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు."

"ఇగ చెప్పకు" అన్నాను.

లోపలికి పోయి పసుపు పొట్లం కట్టి, పాత నూలుచీర చింపి ఒక ముక్క తెచ్చిచ్చాను. జమ్లి వాటిని తీసుకుని కొంగులో ముడేసుకుంది. ఆ తర్వాత వెళ్లిపోయింది.

మా ఆయన ముక్కను వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. "మెడ దగ్గరిది" అన్నాడు. "పోయి చెప్పాలె."

"ఎవరికి? పటేలుకా? ఊరుకుంటడా? రేపు ఊరంత మన పేరే అంటరు. ఎవ్వరికి తెలుసు అది మనదని?"

"జమ్లికి తెలుసు."

"జమ్లి చెప్పదు."

ఆయన ఆ ముక్కను కిటికీలో పెట్టి దుకాణానికి పోయాడు. ఆ తర్వాత అయిదు రోజులు మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. అసలు ఏ సంగతీ సరిగ్గా మాట్లాడుకోలేదు. పిల్లలు బడికి పోయాక ఇల్లు మరీ చప్పుడు లేకుండా ఉండేది. ఆయన షోరూంకూ పోలేదు, ఆ అరవై టీవీలు తేలేదు. నేనెందుకని అడగలేదు.

ఆరో రోజు ఇర్షాద్ వచ్చాడు, రాగి ఏమైనా మిగిలిందేమో చూసుకుపోదామని. మాటల మధ్యలో అన్నాడు. "జమ్లి అత్త లేదూ, సోనాబాయి? పాపం, నిజామాబాద్ దవాఖానకు తీస్కపోయిన్రు. కాలు మోకాలి దాక వాచిందంట. ముసలామెకు షుగర్ ఉందని గిప్పుడే తెలిసిందంట."

మా ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. నేనూ తలుపు గొళ్లెం పెట్టి వెంట నడిచాను. నిజామాబాద్ బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. దారి పొడుగునా రెండువైపులా మళ్లలో ఆడవాళ్లు వరసలు కట్టి వంగి నాట్లేస్తున్నారు. నేను కిటికీ వైపు కూర్చున్నందుకు ఆ రోజు చాలా బాధపడ్డాను.

సోనాబాయి వార్డులో చివరి మంచం మీద ఉంది. కాలికి లావుగా కట్టు. రెండు వేళ్లు తీసేశారని మంచం పక్కన నేల మీద చాప పరుచుకుని కూర్చున్న జమ్లి చెప్పింది. మమ్మల్ని కూర్చోమనడానికి అక్కడ ఏమీ లేదు. నిలబడ్డాం.

మా ఆయన మంచం దగ్గరికి జరిగాడు. "అవ్వా, నీ కాల్ల గుచ్చుకున్న పెంక మాది. టీవీల గాజు. మేమే గుంతల పోసినం."

ముసలామె కళ్లు తెరిచింది. "జమ్లి చెప్పింది."

"ఎప్పుడు?"

"గా దినమే."

నేను జమ్లి వైపు చూశాను. ఆమె తల వంచుకుని చాపకొస లాగుతోంది.

"మీరొస్తరేమో అని చూసినం" అంది సోనాబాయి. కోపంగా అనలేదు. బస్సు కోసం చూశాం, రాలేదు అన్నట్టే అంది. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది. పసుపూ గుడ్డా పంపానని చెప్పబోయి, నోరు మూసుకున్నాను.

"ఇంక ఉన్నదా మడిల?" అని అడిగింది.

"ఉంటది అవ్వా. చానా ఉంటది" అన్నాడు మా ఆయన.

"అయితే తియ్యుండ్రి. నేనొక్కదాన్నేనా గా మడిల దిగేది" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే కృష్ణ పటేలు ఇంటికి పోయాం. ఆయన ముంగిట్లో ట్రాక్టరు చక్రానికి అంటిన బురద కర్రతో గీకుతున్నాడు. మా ఆయన దాచకుండా అంతా చెప్పాడు. గుంత ఆలోచన తనదే అన్నట్టు చెప్పాడు. నేను ఆపి, "గుంతల పోద్దామన్నది నేను" అన్నాను. పటేలు గీకడం ఆపలేదు. చాలాసేపటికి కర్ర కింద పడేశాడు.

"మా డబ్బా గూడ అండ్లనే ఉంటది" అన్నాడు. "మొన్న ఉగాదికే ఇచ్చి కలర్ తెచ్చుకున్నం."

పటేలు చేతులకంటిన బురద దులుపుకున్నాడు.

"ఒక్క ఆడిది దిగుతలేదు దేవిదాస్. కింది రెండు మళ్లు గట్లనే ఉన్నయి. నారు నెల దాటింది. ఇంకో పదిహేను దినాలు చూస్త. ముదిరితే నాటేసినా పిలకలు రావు, ఇగ పారెయ్యాలె."

"పదిహేను దినాలల్ల తీస్తం."

"చేతులతోనా?"

"ఇంకెట్ల తీస్తమన్నా" అన్నాను.

ఆయన లేచి మళ్లలో నీళ్లు బయటికి వదలడానికి పార తీసుకున్నాడు. అప్పటి నుంచి ఆ పని అయ్యేదాకా మాతో పెద్దగా మాట్లాడలేదు. కానీ రెండోరోజు నుంచి తన మడి గట్టు మీద కుండతో తాగే నీళ్లు పెట్టించాడు.

ముందు గుంత ఖాళీ చేశాం. ఇంకా గాజు కిందికి దిగకుండా తెగిన చోట ఇసుక బస్తాలు వేసి, గడ్డపారతో, తట్టలతో నాలుగు రోజులు తవ్వాం. నీళ్లలో నాని మట్టీ గాజూ ఒకటైపోయాయి. ఎండాకాలం ట్రాలీలో మూడు రోజుల్లో పోసినది తియ్యడం ఎంత కష్టమో, నడుం పట్టేసి లేవలేకపోయిన మూడో రోజు అర్థమైంది. మడిలో పని అంతకన్నా కష్టం. పటేలు అప్పటికే బురద దున్నించి ఉన్నాడు. ముక్కలు చెక్కలై అడుగుకు పోయాయి. మా ఆయన గట్టు నుంచి గట్టుకు సుతిలి తాళ్లు కట్టాడు. రెండు తాళ్ల మధ్య మూరెడు పట్టీ. రబ్బరు బూట్లు, తోలు చేతితొడుగులు వేసుకుని, ఒక పలక మీద మోకాళ్లు ఆనించి, గుప్పెడు గుప్పెడు బురద తీసి ఇసుక జల్లెడలో వేసి నీళ్లు పోసేవాళ్లం. రాళ్లు, నత్తగుల్లలు, వేళ్లు మిగిలేవి. వాటిలో గాజు. ఒక్కోసారి గోరంత. ఒక్కోసారి తెర ముందు భాగం, బొటనవేలంత మందంతో, పలకలా.

వాన పడితే ఆగేవాళ్లం. వెలిశాక తాళ్లు ఎక్కడున్నాయో చూసుకుని మళ్లీ కూర్చునేవాళ్లం. చేతితొడుగులు రెండు రోజులకే చిరిగిపోయేవి. మా ఆయన చేతులు చాలా సన్నని పనికి అలవాటు పడ్డవి. మిరపగింజంత భాగాలను పట్టుకారుతో పట్టుకుని అతికించే చేతులు. అవి వాచి, వేళ్లు మడత పడక, అన్నం చెంచాతో తిన్నాడు.

దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఏం వెతుకుతున్నారని అడిగేవాళ్లు. మొదటి రోజు నేను కొంగు మొహానికి కప్పుకున్నాను. తర్వాత అలసటలో ఆ సిగ్గు కూడా పోయింది. టీవీల గాజు, మేమే పోశాం, ఏరుతున్నాం అని చెప్పేదాన్ని.

మడిలోకి దిగిన మూడో రోజు జమ్లి వచ్చింది. అత్తను ఇంటికి తెచ్చామని చెప్పి, కొంగు నడుముకు చుట్టి జల్లెడ పట్టుకుంది.

"నువ్వొద్దు జమ్లీ. నాటుకు పో. కూలి పోతది" అన్నాడు మా ఆయన.

"పలగ్గొట్టింది నేను గదా అన్నా. ఏ ముక్క ఎట్ల పలిగిందో నాకే తెలుసు."

ఆమె మాట నిజమే. జల్లెడలో చూసి ఇది మెడ ముక్క, ఇది ట్యూబు వెనక గరాటు ముక్క, దీనికి జోడు ఇక్కడే ఎక్కడో ఉంటుందని చెప్పేది. చెప్పిన చోటే దొరికేది. నాతో మాత్రం పనిమాటలు తప్ప మాట్లాడలేదు. ఒకరోజు అన్నం తింటుండగా నేనే అన్నాను. "ఆ దినం చెప్పకు అన్న జమ్లీ. తప్పయింది."

ఆమె నమిలేది మింగి, నీళ్లు తాగింది. "నేను గూడ గుంత దగ్గర మట్టి కప్పిన అక్కా. నాకు గూడ తెల్వదా, అది కాలువ పక్కన్నే అని" అంది. ఆ తర్వాత ఇద్దరం లేచి పట్టీలో కూర్చున్నాం. అంతకుమించి ఆ సంగతి మేం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

తీసిన గాజును గోనెసంచుల్లో నింపాం. గుంతలోదీ మడిలోదీ కలిపి నలభై రెండు సంచులు. ఇర్షాద్‌ను పిలిపించి ఎక్కడికి పంపాలో చెప్పమన్నాడు మా ఆయన.

"క్యా కరేంగే దేవిదాస్ భాయ్, ఏం జేస్తం, గాజు ఎవ్వరు తీస్కోరు. మా దగ్గరికొచ్చింది నేను గూడ మంజీర ఒడ్డుకు పారేస్తుంటి" అన్నాడు. అని, సంచుల వైపు చూస్తూ నిలబడిపోయాడు. "ఇప్పుడు నన్ను గూడ ఫికర్‌ల పెట్టినవు."

పంచాయతీ ఆఫీసులో అడిగితే చెత్త పోసే చోట పోసుకొమ్మన్నారు. ఆ చోటు వాగు పక్కనే. మా ఆయన హైదరాబాద్‌కు మూడు ఉత్తరాలు రాశాడు, టీవీలు తయారుచేసే వాళ్లకు ఒకటి, ఆయనకు పని నేర్పిన ఇన్‌స్టిట్యూట్‌కు ఒకటి, ఇంకోటి ఎవరికో. దేనికీ జవాబు రాలేదు. చివరికి సంచులన్నీ మా ముందుగదిలో గోడ పొడుగునా పేర్చాం. కింద టార్పాలిన్ పట్టా పరిచి, పైన ఇంకోటి కప్పాం. పిల్లలు చదువుకునే గది అది. నాలుగేళ్లు వాళ్లు వంటింట్లోనే చదువుకున్నారు. ఇలాంటి గాజు తీసుకునే కంపెనీ హైదరాబాద్ అవతల ఒకటి వచ్చిందని ఇర్షాద్ తెలుసుకుని, తన లారీలోనే తీసుకుపోయి అప్పజెప్పి రసీదు తెచ్చేదాకా అవి మా ఇంట్లోనే ఉన్నాయి. చుట్టాలు వస్తే కూర్చోబెట్టడానికి చోటుండేది కాదు. రావడమే తగ్గించారు.

షోరూంకు పోయి ఆ అరవై టీవీలు ఇక తీసుకుపోనని చెప్పాడు మా ఆయన. సేటు ఎందుకని కూడా అడగలేదు. వేరే మనిషి తీసుకుపోయాడు. అతను గాజు ఎక్కడ పోస్తున్నాడో అడుగుదామని మా ఆయన రెండుసార్లు వాళ్లింటికి పోయాడు. ఒకసారి లేడన్నారు. రెండోసారి, నీకెందుకన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి గోడకు జారబడి కూర్చున్న మనిషి దీపాలు పెట్టేదాకా లేవలేదు. తర్వాత ఆయన దుకాణం మూసి వైరింగు పనులు చేశాడు. సోనాబాయి మందులు మేమే చూసుకున్నాం. ఆమె కర్ర పట్టుకుని తండాలో తిరిగేది కానీ మళ్లీ ఎప్పుడూ నాటుకు పోలేదు.

అదంతా తర్వాతి సంగతి. మడి దగ్గర పదిహేను రోజులన్న గడువు రెండు రోజులు దాటింది. చివరి రెండు రోజులు జల్లెడలో ఒక్క ముక్క రాలేదు. మా ఆయన తాళ్లు విప్పేశాడు. పటేలు నీళ్లు పెట్టించి, బురద మళ్లీ చదును చేయించాడు. నారు అప్పటికే ముదురాకుపచ్చకు తిరిగి, జానెడు దాటి పెరిగింది. ఆ రోజు పొద్దున నారు కట్టలు పీకి గట్టు మీద వరసగా పెట్టారు. తండా నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్లు వచ్చారు. మేం కూడా పోయాం. రమ్మని ఎవరూ అనలేదు.

"ఇగ దిగుండ్రి. అంత మంచిగనే అయింది" అన్నాడు పటేలు.

ఎవరూ దిగలేదు. చీరలు పైకి దోపుకుని, గట్టు మీదే నిలబడి నీళ్ల వైపు చూస్తున్నారు. నీళ్లు బురదరంగులో ఉన్నాయి. లోపల ఏముందో కనబడదు. పటేలు ఇంకోసారి చెప్పాడు. ఒకామె కూర్చుంది. ఇంకొకామె ఆమె పక్కన కూర్చుంది.

జమ్లి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ముందుగాల మీరు నడుస్తరా?"

నిష్ఠూరంగా అడగలేదు. అడగాల్సింది అడిగింది. నేను చెప్పులు విడిచాను. అన్ని రోజులూ రబ్బరు బూట్లతోనే దిగాం. వట్టి కాళ్లతో ఒక్కసారి కూడా దిగలేదని అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయన ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి అవతలి మూల నుంచి దిగాడు. నేను ఇవతలి మూల నుంచి.

నీళ్లు చల్లగా ఉన్నాయి. బురద వేళ్ల మధ్య నుంచి పైకి వచ్చింది. మొదటి అడుగు భయంగా, మునివేళ్ల మీద వేశాను. గట్టు మీద ఆడవాళ్లు చూస్తున్నారు. అలా నడిస్తే లాభం లేదని తెలుసు. రెండో అడుగు పూర్తిగా, మడమ అడుగంటేలా, ఒంటి బరువంతా వేసి దించాను. ఆ తర్వాతి అడుగూ అలాగే. గట్టు దాకా పోయి, జానెడు పక్కకు జరిగి, తిరిగొచ్చాను. మళ్లీ పోయాను. మడి మధ్యలో పాదం కింద గట్టిగా ఏదో తగిలింది. ఆగాను. వంగి తీశాను. నత్తగుల్ల. గట్టు మీద వాళ్లకు కనబడేలా ఎత్తి చూపించి పక్కన పడేశాను. ఎవరూ నవ్వలేదు. మా ఆయన అవతల తల వంచుకుని నడుస్తూనే ఉన్నాడు. మధ్యలో ఇద్దరం ఎదురైతే ఒకరి కాళ్లు ఒకరం చూసుకుని దాటిపోయాం.

రెండు మళ్లూ నడిచేసరికి పొద్దు బాగా పైకెక్కింది. గట్టు ఎక్కుదామని వస్తుంటే జమ్లి నీళ్లలోకి దిగింది. ఆమె వెనక ఒకామె, ఆ వెనక ఇద్దరు. చివరికి అందరూ దిగి వరస కట్టారు. నేను పక్కకు తప్పుకోబోయాను.

"ఏడికి పోతవక్కా? ఒక మనిషి తక్కువైంది" అంది జమ్లి. సోనాబాయి చోటు అది. నారు కట్ట విప్పి సగం నా చేతిలో పెట్టింది.

నాకు నాటెయ్యడం రాదు. ఆమె పక్కన వంగి, ఆమెను చూస్తూ నాలుగు మొక్కలు తీసి బురదలోకి గట్టిగా గుచ్చాను. జమ్లి చెయ్యి చాపి, నేను పెట్టిన మొక్కను కొంచెం పైకి లాగి సరిచేసింది.

"అంత లోపలికి పోనియ్యకు" అంది. "పైపైన్నే ఉండాలె."